అబూ ఉమైర్ పిట్ట, మా ఇంటి పావురాలు

 

నమాజు గురించి, ఉపవాసాల గురించి, జకాత్ గురించి మనం తరచూ వింటూ ఉంటాము. కాని అస్ర్ నమాజుకూ మగ్రిబ్ నమాజుకూ మధ్య మన ఇళ్లలో గడిచే ఆ గంటా గంటన్నర గురించి వినేది చాలా తక్కువ. భార్యాబిడ్డలతో కూర్చునే సమయం, పిల్లల ఆటపాటలు, పెద్దల చిన్న చిన్న సరదాలు, ఇవన్నీ దీన్‌కు అవతలి విషయాలని మనలో చాలామంది తలుస్తారు. మేమూ చాలాకాలం అలాగే తలచాము. ఆ తలపు మా ఇంట్లో ఏం చేసిందో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా మన పత్రిక చదివే ఇళ్లలో ఇలాంటి తండ్రులు ఇంకా ఉండవచ్చు కాబట్టి చెబుతున్నాము.

మేముండేది బౌద్ధనగర్‌లో. ఒకవైపు సీతాఫల్‌మండి, ఒకవైపు వారాసిగూడ, కాస్త నడిస్తే ఉస్మానియా యూనివర్సిటీ, ఆ చెట్ల నీడ దాటితే తార్నాక. ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఆడుకోవడానికి పిల్లలకు మిగిలింది రెండే చోట్లు, ఇంటి మేడ, యూనివర్సిటీ మైదానం. మా పెద్దబ్బాయికి అప్పటికి పన్నెండేళ్లు. ఆ సంవత్సరం రంజాన్ పండుగకు పెద్దలిచ్చిన ఈదీ డబ్బులన్నీ దాచుకున్నాడు. వాళ్ల మామతో కలిసి సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ రైలెక్కి యాకుత్‌పురాలో దిగి, చార్మినార్ అవతల ముర్గీ చౌక్ ప్రాంతం నుంచి ఒక పావురాల జంటను తెచ్చుకున్నాడు. మేడ మీద పాత చెక్కపెట్టెకు జాలీ కొట్టి గూడు చేశాడు. రోజూ జొన్నలు, సజ్జలు వేసేవాడు, మట్టి మూకుడులో నీళ్లు పోసేవాడు.

ఇదంతా మాకు ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో మేము ఇంట్లో ఉన్నదెప్పుడు గనక! పగలు ఉద్యోగం. మగ్రిబ్ తరువాత మసీదు కమిటీ పనులు. ఇషా తరువాత ఎవరో ఒకరి ఇంట్లో దర్స్, లేదా రెండు వర్గాల మధ్య ఏదో ఒక రాజీ. ఇంటికి చేరేసరికి పదకొండు. మూత పెట్టిన అన్నం, నిద్రపోయిన పిల్లలు. మా ఇంటావిడ ఎప్పుడైనా ఒక మాట అంటే, ఇదంతా అల్లాహ్ పనే కదా అనేవాళ్లం. ఆ జవాబుకు ఆమె తిరిగి ఏమనగలదు? ఏమీ అనలేదని మేము సంతోషించేవాళ్లం కూడా.

ఒకరోజు అస్ర్ జమాఅత్‌లో అబ్బాయి కనిపించలేదు. ఇంటికి వచ్చి అడిగితే మేడ మీద ఉన్నాడన్నారు. వెళ్లి చూస్తే తల పైకెత్తి, ఆకాశంలో తిరుగుతున్న పావురాలను చూస్తూ చుట్టూ ప్రపంచాన్ని మరచి నిలబడి ఉన్నాడు. మాకు కోపం వచ్చింది. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. పావురం వెంటబడి పోతున్న ఒక మనిషిని చూసి దైవప్రవక్త (స), ఒక షైతాను మరో షైతాను వెంట పోతున్నాడన్న అర్థం వచ్చేలా అన్నారు. ఆ హదీసును మేడ మీదే, పక్కింటివాళ్లు వింటుండగానే, గట్టిగా వినిపించాము. సంపదా సంతానమూ మిమ్మల్ని అల్లాహ్ స్మరణ నుంచి మరలించకూడదని మునాఫిఖూన్ సూరాలో ఉన్న హెచ్చరికను కూడా జోడించాము. ఆ హెచ్చరిక తండ్రులనుద్దేశించినదేగాని పన్నెండేళ్ల కొడుకును ఉద్దేశించినది కాదన్న సంగతి ఆ ఆవేశంలో మాకు తట్టలేదు. రెండు రోజుల్లో పావురాలను తార్నాకలోని తెలిసినవారికి ఇచ్చేశాము. అబ్బాయి ఒక్క మాట మాట్లాడలేదు. మా మాట విన్నాడని అనుకున్నాము.

తరువాత రెండు వారాలకు, బట్టలు ఉతకబోతుంటే అతని చొక్కా జేబులోంచి జొన్నలు రాలాయి. ఇవి ఎక్కడివని వాళ్లమ్మ అడిగింది. స్కూల్లో సైన్సు పాఠం కోసమన్నాడు. అది అబద్ధం. పావురానికి తన గూడు ఎక్కడున్నా తెలుస్తుంది. ఇచ్చేసిన నాలుగో రోజునే అందులో ఒకటి, ఆడది, తిరిగి మా మేడ మీదికి వచ్చి వాలింది. పెట్టె లేదు కాబట్టి నీళ్ల ట్యాంకు కింద ఉంటోంది. వాడు మాకు తెలియకుండా దానికి గింజలు వేస్తున్నాడు.

ఇషా తరువాత ఇమాము సాహెబ్ దగ్గర ఈ విషయం ఎత్తాము. మా ఉద్దేశం సలహా అడగడం కాదు, ఫిర్యాదు చేయడం. కొడుకు అబద్ధాలకు దిగాడు, వచ్చి కాస్త నసీహత్ చేయండి అన్నాము. ఆయన అంతా విని, మెల్లగా ఇలా అడిగారు:

‘మీరు వాడికి పావురం హదీసు చెప్పారు. అబూ ఉమైర్ హదీసు చెప్పారా?’

చెప్పలేదు. మాకు తెలియక కాదు, సోదరులారా. ఎన్నోసార్లు చదివాము. ఆ రోజు చేతికి కర్ర కావలసి వచ్చింది, కర్రలాంటి హదీసునే వెతికి తీసుకున్నాము.

ఆ వృత్తాంతం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. హజ్రత్ అనస్ (రజి)కు ఒక చిన్న తమ్ముడు ఉండేవాడు. అతనికొక చిన్న పిట్ట ఉండేది, దానితో ఆడుకునేవాడు. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వస్తూ పోతూ ఉండేవారు. ఒకరోజు వచ్చేసరికి పిల్లవాడు దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఏమైందని అడిగితే, వాడి పిట్ట చనిపోయిందన్నారు. అప్పుడు ఆయన (స) ఆ పసివాణ్ని పెద్దమనిషిని పిలిచినట్టు అబూ ఉమైర్ అని పిలిచి, పిట్ట ఏం చేసిందని ప్రాస కలిపి పలకరించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ఒక్కసారి ఆలోచించండి. అప్పుడు మదీనాలో ఎన్ని పనులుండేవి! వచ్చే ప్రతినిధి బృందాలు, యుద్ధాలు, ఒప్పందాలు, దిగివచ్చే దైవవాణి. అంతటి బాధ్యత మోస్తున్నవారు ఒక పిల్లవాడి పిట్ట పేరు గుర్తుపెట్టుకున్నారు. మాకేమో మసీదు సున్నాల లెక్క, మైకు రిపేరు తప్ప మరో బాధ్యత లేదు, అయినా తీరిక లేదు.

పూర్వకాలంలో కొందరు, ఇలాంటి హదీసుల వల్ల ప్రయోజనమేముందని హదీసువేత్తలను వెక్కిరించేవారట. దానికి జవాబుగా హిజ్రీ 335లో మరణించిన షాఫయీ ధర్మవేత్త ఇబ్నుల్ ఖాస్, ఈ ఒక్క హదీసు నుంచే అరవై ప్రయోజనాలను తీసి ఒక చిన్న గ్రంథం రాశారు. బుఖారీకి వ్యాఖ్యానం రాసిన ఇబ్నె హజర్ తన గ్రంథంలో దాని సారాంశమిచ్చారు. పిల్లలతో పరిహాసమాడవచ్చు. పిల్లవాడు పిట్టతో ఆడుకోవడాన్ని తల్లిదండ్రులు అనుమతించవచ్చు. పిట్టను పంజరంలో ఉంచుకోవచ్చు. దిగులుగా ఉన్నవాణ్ని పలకరించి కారణం కనుక్కోవాలి. ఇవన్నీ అందులోవే. పిల్లలకు ఆటవస్తువుల మీద ఖర్చు చేయడం తప్పుకాదని కూడా ఆ హదీసు నుంచే తీశారు.

మరి పావురం హదీసు సంగతి ఏమిటి? రెండూ ప్రవక్త (స) మాటలే కదా! ఇమాము సాహెబ్ ఇమాము నవవీ చెప్పినదాన్ని మాకు వివరించారు. పిల్లల కోసం, గుడ్ల కోసం, మచ్చిక కోసం, పూర్వం ఉత్తరాలు చేరవేయడం కోసం పావురాలను పెంచడం ఎలాంటి అయిష్టమూ లేకుండా ధర్మసమ్మతమే. వాటిని ఎగరేస్తూ కాలమంతా అందులోనే గడపడం అయిష్టకరం (మక్రూహ్). పందెం చేరిందా, అది జూదం, హరామ్. మేడల మీద పావురాలు ఎగరేసేవాళ్ల చూపులు పక్కింటి ఆడవాళ్ల మీదికి పోవడం గురించి కూడా పండితులు హెచ్చరించారు. మేము వీటిలో ఏదీ విచారించలేదు. పందెం ఉందా అని అడగలేదు. పక్కింటి వైపు చూశాడా అని అడగలేదు. అస్ర్ ఎందుకు తప్పిపోయిందనైనా నెమ్మదిగా అడగలేదు. ఒక హదీసు చదివి తీర్పు చెప్పేశాము. హైదరాబాదులో కాజీలకు కొదవ లేదుగాని, ఇంటికొక కాజీ ఉంటే ఆ ఇంట్లోవాళ్లకు కష్టమే.

ఆ రాత్రి ఇమాము సాహెబ్ మరో మాట కూడా అన్నారు. పావురాలను పట్టుకొని అబ్బాయి చేసినదీ, కమిటీని పట్టుకొని మీరు చేస్తున్నదీ ఒకటే కదా అన్నారు. మాకు కోపం వచ్చింది. మసీదు పనిని పావురాలతో పోలుస్తారా అని లేచి వచ్చేశాము. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. హజ్రత్ సల్మాన్ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల వృత్తాంతం మాటిమాటికీ గుర్తుకొచ్చింది.

దైవప్రవక్త (స) వారిద్దరి మధ్య సోదర బంధం ఏర్పరచారు. ఒకనాడు సల్మాన్ (రజి) ఆ సోదరుని ఇంటికి వెళితే, ఆయన భార్య మాసిన సాదా బట్టల్లో కనిపించారు. కారణమేమని అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పనిలేదు అన్నారామె. ఎవరి మీదా చాడీ చెప్పలేదు, నింద వేయలేదు, అంతే అన్నారు. ఇంతలో అబూ దర్దా (రజి) వచ్చి అతిథికి భోజనం పెట్టి, తాను ఉపవాసమన్నారు. మీరు తినేదాకా నేనూ తిననని సల్మాన్ (రజి) పట్టుబట్టారు, ఆయన తిన్నారు. రాత్రి కాగానే అబూ దర్దా (రజి) నఫిల్ నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. కాసేపటికి మళ్లీ లేవబోతే మళ్లీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో, ఇప్పుడు లేవండని చెప్పి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. నీపై నీ ప్రభువుకు హక్కుంది, నీ ప్రాణానికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది, ఎవరి హక్కు వారికి ఇవ్వమని అప్పుడు సల్మాన్ (రజి) నచ్చజెప్పారు. ఈ విషయం ప్రవక్త (స) సన్నిధికి చేరితే సల్మాన్ చెప్పింది నిజమేనన్నారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది.

గమనించండి. అబూ దర్దా (రజి)ను ఇంటినుంచి దూరం చేసింది వ్యాపారం కాదు, ఆటా కాదు, ఉపవాసాలూ నమాజులూ. ఆయన చేస్తున్నది నిజంగా ఆరాధనే. అయినా హక్కు హక్కే. ఇక ఏ రాత్రీ గంటకొద్దీ నమాజులో నిలబడని మాబోటివాళ్లు, చాయ్ కప్పుల చుట్టూ సాగే సమావేశాలను అడ్డం పెట్టుకొని భార్యాబిడ్డల హక్కు ఎగవేస్తే ఏమని జవాబు చెప్పుకుంటాము? మా ఇంటావిడ మాసిన బట్టల్లో లేదు, నిజమే. కాని ఆ రాత్రి లెక్కవేసుకుంటే, ఆమెతో పట్టుమని పది నిమిషాలు మాట్లాడి ఎన్ని రోజులైందో మాకే గుర్తు రాలేదు.

మన ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి)ను అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళకాగానే నమాజుకు వెళ్లేవారని చెప్పారు. ఆ వాక్యంలో మొదటి సగం మన ఆడవాళ్లకు ఎక్కువగా గుర్తుంటుంది, రెండో సగం మనకు గుర్తుంటుంది. మనిషి ఒక్కరే, ఇంటి పనిలోంచి లేచి అలాగే నమాజుకు నడిచి వెళ్లారు. హజ్రత్ ఆయిషా (రజి)తో ఆయన పరుగు పందెం వేసిన సంగతి అబూ దావూద్‌లో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు. కొన్నేళ్ల తరువాత మళ్లీ పరుగెత్తితే ఆయన (స) గెలిచి, అప్పటిదానికి ఇది సరి అని నవ్వుతూ అన్నారు. మనలో ఎంతమందిమి భార్యతో కలిసి కనీసం నడుస్తాము? ఉదయంపూట యూనివర్సిటీ రోడ్ల మీద చూడండి. షుగరు తగ్గాలని డాక్టరు చెప్పిన మగవాళ్లందరూ చేతిలో తస్బీహ్‌తో నడుస్తుంటారు. అదే షుగరున్న భార్యలు ఇంట్లో రొట్టెలు కాలుస్తుంటారు.

తరువాతి ఆదివారం అస్ర్ కాగానే అబ్బాయిని తీసుకొని యూనివర్సిటీకి వెళ్లాము. మైదానాల్లో కుర్రాళ్లు క్రికెట్ ఆడుతున్నారు. ఆర్ట్స్ కాలేజీ ఎదుట కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. మేమూ ఒకచోట కూర్చున్నాము. ఏం మాట్లాడాలో మాకు తోచలేదు, కన్నకొడుకుతోనే. అందుకని ఆ భవనం కథ చెప్పాము. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1918లో ఈ యూనివర్సిటీని నెలకొల్పారని, దేశంలో ఉన్నత విద్యను ఇంగ్లీషులో కాక ఉర్దూలో చెప్పిన మొదటి యూనివర్సిటీ ఇదేనని, పుస్తకాలన్నీ అనువదించడానికి ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థనే పెట్టారని, ఈ గులాబీ రంగు రాతి భవనం 1939లో ప్రారంభమైందని. వాడు వింటున్నట్టే ఉన్నాడు గాని, చూపంతా పైన కమానుల మీద ఉంది.

‘అబ్బా, అక్కడ గూళ్లున్నాయి చూడండి. ఇప్పుడు కూర్చున్నది మగది అయ్యుంటుంది’ అన్నాడు.

నీకెలా తెలుసన్నాము. పావురాల్లో గుడ్లను ఆడదొక్కటే పొదగదట. పగటిపూట ఎక్కువసేపు మగది కూర్చుంటుందట, సాయంత్రం నుంచి పొద్దున దాకా ఆడది కూర్చుంటుందట. పద్దెనిమిది రోజులకు పిల్లలు వస్తాయట. అప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరి గొంతు సంచిలోనూ పాలలాంటి పదార్థం ఊరుతుందట, ఇద్దరూ పడతారట. పుస్తకాల్లో చూసి అంతా నిజమేనని తరువాత నిర్ధారించుకున్నాము. సుబ్‌హానల్లాహ్! ఆకాశంలో రెక్కలు చాచి ముడిచే పక్షులను చూడమని ముల్క్ సూరాలో అల్లాహ్ మనకు చెబుతున్నాడు. మేము ఆ సూరా రోజూ పడుకునే ముందు చదువుతాము. చూసింది మాత్రం మా అబ్బాయి.

అక్కడే వాణ్ని క్షమాపణ అడిగాము. పందెం కట్టావా అని ముందు అడిగి ఉండవలసింది, అడగలేదు, అందరి ముందూ అవమానించాము, మన్నించు బేటా అన్నాము. వాడు తల దించుకొని, ‘నేనూ అబద్ధం చెప్పాను అబ్బా’ అన్నాడు. అబద్ధం తప్పే. దానికి అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోమన్నాము. కాని నిజం చెప్పడానికి వీలులేని ఇంటిని మేమే తయారుచేశాము. తండ్రి చొక్కా చూస్తేనే దీన్ గుర్తుకు వచ్చి భయపడే పిల్లలు, ఆ భయం తీరే వయసు రాగానే తండ్రినీ దీన్‌నూ కలిపే వదిలేస్తారు. అలాంటివారిని మన వీధుల్లో చూస్తూనే ఉన్నాము.

దీని అర్థం ప్రతి సరదానూ వదిలేయమనో, ప్రతి సరదానూ ఒప్పుకోమనో కాదు. సంక్రాంతి రోజుల్లో మన పిల్లలు కూడా మేడల మీద పతంగులు ఎగరేస్తారు. గాజుపొడి పూసిన చైనా మాంజా చెట్లకు చిక్కుకొని పక్షుల రెక్కలు తెగుతున్నాయి, బండి మీద పోయేవాళ్ల గొంతులు కోసుకుపోతున్నాయి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా దాన్ని నిషేధించింది. అయినా ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంది. పిల్లిని కట్టేసి ఆకలికి చంపిన స్త్రీ నరకానికి పోయిందని హదీసులో విన్నవాళ్లం, ఆ దారం ఉండను ఇంట్లోకి రానివ్వకూడదు. ఇక ఫోను సంగతి. పావురం కనీసం పిల్లవాణ్ని మేడ ఎక్కిస్తుంది, గింజలు వేయిస్తుంది, నీళ్లు పోయిస్తుంది. ఫోను ఏం చేయిస్తుందో మీ ఇళ్లలోనే చూడండి. అందులో పెద్దవాళ్లం పిల్లలకంటే ఏమీ తక్కువ తినలేదు.

హజ్రత్ హంజలా (రజి) ఒకసారి కంగారుపడుతూ, తాను కపటిగా మారిపోయానని చెప్పుకున్నారు. ప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గనరకాలు కళ్లముందు కనిపిస్తాయి, ఇంటికి వెళ్లి భార్యాబిడ్డల మధ్య, పనుల మధ్య పడితే చాలా మరచిపోతామని ఆయన బాధ. హజ్రత్ అబూ బకర్ (రజి) కూడా, మా పరిస్థితీ అంతేనన్నారు. ఇద్దరూ వెళ్లి అడిగితే ప్రవక్త (స) వారిని కోప్పడలేదు. ఎప్పుడూ ఆ స్థితిలోనే ఉంటే దైవదూతలు వచ్చి మీతో కరచాలనం చేసేవారని, కాని ఆ వేళ ఆ వేళదే, ఈ వేళ ఈ వేళదేనని మూడుసార్లు చెప్పారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మేము ఇప్పుడు దర్స్‌లో తరచూ చెబుతున్నాము.

మేడ మీద గూడు మళ్లీ వచ్చింది. తార్నాక వారు మగదాన్ని తిరిగి ఇచ్చారు. మా షరతులు కొన్ని ఉన్నాయి. మనం తినేముందు వాటికి గింజలు పడాలి. పందెం మాట ఎత్తకూడదు. పక్కింటివాళ్లు మేడ మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు దిగిపోవాలి. అజాన్ వినగానే గూడు మూసేయాలి. వాడు అన్నిటికీ సరేనన్నాడు, తానూ ఒక షరతు పెట్టాడు. వారానికి ఒకరోజు అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా మేము మేడ మీద ఉండాలి, ఫోను కింద పెట్టి. మొదటి వారం చెల్లెలు కూడా వచ్చింది, తరువాతి వారం వాళ్లమ్మ చాయ్ పట్టుకొని వచ్చింది. ఇన్నేళ్లలో మా మేడ నుంచి యూనివర్సిటీ చెట్లు కనిపిస్తాయని మాకు తెలియదు.

కమిటీ పని మేము వదలలేదు, వదలకూడదు కూడా. ఈ శుక్రవారం ఇషా తరువాత సమావేశం ఉంది. అరగంటలో ముగించాలని, చాయ్ ఎవరి ఇంట్లో వారు తాగుదామని, ఇమాము సాహెబ్ ద్వారా సభ్యులందరికీ ముందే చెప్పించాము.